ఆరేళ్ల పవర్ కార్డ్, ఒక హిందోళం

ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి పట్టేది) పడక గిటార్‌ని అటకెక్కించిన వాళ్లలో నేనూ ఒకడిని. దాన్ని మళ్లీ కిందికి దింపించింది పవర్ కార్డే, అంటే సా, పా, పై సా మాత్రమే మోగే మూడు తీగల పట్టు. పట్టుకోవడం ఎలాగో, డిస్టార్షన్‌లో (యాంప్‌తో శబ్దాన్ని గరగరలాడించినప్పుడు) ఎందుకు బాగుంటుందో ఇక్కడ వదిలేస్తున్నా. చూపుడు వేలి కండతో మిగతా తీగల నోరు మూయడం అలవాటవడానికే నాకు రెండు నెలలు పట్టింది.

నాకు దీని మీద ప్రేమ పుట్టింది మాత్రం మా పెద్దమ్మ వల్ల. ఇంట్లో పిల్లలకి సంగీతం చెబుతుంది. ఒక ఆదివారం నేను యాంప్ తగ్గించి, మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర జీ పవర్ కార్డ్ పట్టి మెల్లగా మీటుతుంటే వచ్చి నిలబడింది. "ఇది మా తంబురా కదరా! సా, పా, పై సా. గాంధారం ఏదీ?" అంది. లేదన్నాను, తప్పు చేసినవాడిలా. "లేకపోతేనే నయం, అది నేను పాడుకుంటాను" అని కూర్చుంది. ఆవిడది ఐదు శ్రుతి, అంటే సరిగ్గా జీ. శంకరాభరణం పాడింది, తర్వాత ఖరహరప్రియ. ఒకదాంట్లో అంతర గాంధారం, ఇంకోదాంట్లో సాధారణ గాంధారం. నా కార్డులో గాంధారమే లేదు కాబట్టి రెండింటికీ సరిపోయింది, నా వేళ్లు కదలనే లేదు. అంత హాయి ఏ సోలోలోనూ దొరకలేదు నాకు.

మూడోది హిందోళం ఎత్తుకుంది. రెండో నిమిషంలోనే ఆపేసి, "పా తీసెయ్ నాన్నా, చెవిలో గుచ్చుకుంటోంది" అంది. హిందోళంలో పంచమం లేదు. నా కార్డులో పా తీసేస్తే ఇక మిగిలేది సా ఒక్కటే! "మరి మధ్యమం పెట్టు, తంబురాకైతే అలాగే చేస్తాం" అంది. ఉంగరం వేలు ఎత్తేసి, చూపుడు వేలినే ఆరో తీగకీ ఐదో తీగకీ అడ్డంగా పరిచాను. సా, మా. ఒక్క వేలితో పని అయిపోయిందని మురిసిపోయాను గానీ, మా పైకి తేలి అదే సా లాగా వినిపించడం మొదలెట్టింది. నాలుగో తీగ ఐదో ఫ్రెట్ మీద పై సా కూడా కలిపాక గానీ ఆవిడ మొహం తేటపడలేదు.

మొదట్లో "ఏ పాటకైనా ఇదొక్కటి చాలు" అని కనిపించిన వాళ్లకల్లా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మెలోడీ పాటలకి ఒంటరిగా వాయిస్తే ఉప్పు మరిచిన పప్పులా ఉంటుంది, గాంధారం లేక పాట సంతోషంగా ఉందో దిగులుగా ఉందో తెలీదు. పైగా వేళ్లకి బద్ధకం పట్టింది. ఎఫ్ పడితే రెండో తీగ ఇప్పటికీ బుర్రుమంటుంది.

నావి పొట్టి వేళ్లు, మాది అపార్ట్‌మెంట్, పాడే మనిషి ఇంట్లోనే ఉంది. అందుకే నాకు సరిపోయింది. అకౌస్టిక్ మీద ఒక్కరే కూర్చుని పాటలు వాయించుకుందాం అనుకునేవాళ్లు ముందు ఎఫ్‌తోనే తంటాలు పడటం మంచిదేమో. వచ్చే ఆదివారం శ్రీరంజని అంటోంది పెద్దమ్మ. అందులోనూ పా లేదట.