పదేళ్ళుగా నా చేతికున్న నావిటైమర్

2015 చివర్లో నాకు విమానంలో కెప్టెన్‌గా ప్రమోషన్ వచ్చింది. భుజం మీద నాలుగో గీత పడిన నెలలోనే బెంగుళూరు వెళ్ళి బ్రైట్లింగ్ కంపెనీ పైలట్ వాచీ నావిటైమర్ 01 కొన్నాను. స్టీలు కేసు, నల్ల డయలు, 43 మిల్లీమీటర్ల సైజు, తోలు బెల్టు. ఐదు లక్షలకు పైనే అయింది. ఆ డబ్బుతో తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి మీద ఇంకో గది వేసుకోవచ్చు కదా అని అమ్మ బాధపడింది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

పదేళ్ళు దాటాయి. నేను నడిపేది ఏటీఆర్ 72, ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం. డ్యూటీ ఉన్న రోజు మూడు నాలుగు సెక్టార్లు, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణాలు, పడతాయి. రేణిగుంటలో దిగే ఫ్లైటు దొరికితే ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటాను. ఇన్నేళ్ళలో ఈ వాచీ లేకుండా కాక్‌పిట్ ఎక్కిన రోజులు చాలా తక్కువ. కొనేముందు నాకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న మన పిల్లలు ఈ వాచీ కొనాలా వద్దా అని తరచూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు అసలు మాట. విమానం నడపడానికి ఈ వాచీ అక్కర్లేదు. ప్యానెల్ మీద గడియారం ఉంటుంది, టైమర్ ఉంటుంది. ఇంకెంత సేపట్లో ఎక్కడుంటామో ఫ్లైట్ మేనేజ్‌మెంట్ సిస్టం చెబుతూనే ఉంటుంది. పైలట్ వాచీ అన్న మాట పుట్టిన రోజుల్లో ఇవేవీ లేవు. 1904లో కార్టియే కంపెనీ బ్రెజిల్ వైమానికుడు సాంతోస్ డ్యూమాంట్ కోసం చేతివాచీ చేసిందంటే, గాల్లో ఎగురుతున్నవాడు జేబులోంచి గడియారం తీసి చూసుకోలేడు కాబట్టి. 1948లో ఐడబ్ల్యూసీ కంపెనీ బ్రిటిష్ వైమానిక దళానికి మార్క్ 11 చేసింది. కాక్‌పిట్‌లోని అయస్కాంత ప్రభావం తగలకుండా దాని లోపల మెత్తటి ఇనుముతో ఇంకో తొడుగు పెట్టింది. 1950ల మధ్యలో రోలెక్స్ చేసిన జీఎంటీ మాస్టర్ అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ పైలట్ల కోసం. ఖండాలు దాటేవాళ్ళకు ఒకే డయలు మీద రెండు చోట్ల టైము కావాల్సి వచ్చింది. ప్రతి వాచీ వెనకా ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ఆ ఇబ్బందులన్నిటినీ తర్వాత వచ్చిన యంత్రాలు తీర్చేశాయి, వాచీలు మాత్రం మన చేతులకు ఉండిపోయాయి.

నావిటైమర్ కథ 1952లో మొదలైంది. అమెరికాలోని విమాన యజమానులు, పైలట్ల సంఘం కోసం విల్లీ బ్రైట్లింగ్ దీన్ని తయారు చేయించాడు. స్టాప్‌వాచీ చుట్టూ గుండ్రటి స్లైడ్ రూలు, అంటే అంకెలు జరిపి లెక్కగట్టే స్కేలు, బిగించడం దీని ప్రత్యేకత. పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ నావిగేషన్ పరీక్షకు చదివినవాళ్ళందరికీ చక్రంలా ఉండే, చేత్తో తిప్పే ఫ్లైట్ కంప్యూటర్ తెలుసు. దాన్నే కుదించి మణికట్టు మీదికి తెచ్చారు. నేను కొన్నది ఇందుకోసమే. పదేళ్ళ తర్వాత కూడా నాకు నచ్చేది ఇదే.

ఎలా వాడతానో ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాదు నుంచి రేణిగుంటకు గాల్లో సుమారు 225 నాటికల్ మైళ్ళు. గాలి లేని రోజు ఏటీఆర్ 270 నాట్లతో, అంటే గంటకు 270 నాటికల్ మైళ్ళ వేగంతో, వస్తుందనుకోండి. డయలు చుట్టూ తిరిగే బయటి వలయాన్ని, అంటే బెజెల్‌ను, తిప్పి దాని మీది 27ను లోపలి వలయంలో 60 దగ్గరికి తేవాలి. ఆ 60 దగ్గర ఎంపీహెచ్ (గంటకు మైళ్ళు) అని రాసి ఉంటుంది. గంటకు అరవై నిమిషాలు కదా, గుర్తు అందుకే అక్కడ పెట్టారు. ఇక బెజెల్‌ను ముట్టుకోవద్దు. బయటి వలయంలో 22.5 ఎక్కడుందో వెతికి, దానికి ఎదురుగా లోపల చూస్తే 50 కనిపిస్తుంది. యాభై నిమిషాలు. ఇంధనం లెక్క కూడా ఇదే పద్ధతి. గంటకు 700 కిలోలు కాలుతుందనుకుంటే 70ని అదే 60 దగ్గర పెట్టాలి. లోపలి 50కి ఎదురుగా 58 దాటి కొంచెం ముందుకు కనిపిస్తుంది, అంటే 580 కిలోల పైచిలుకు. సున్నాలు ఎన్ని పెట్టాలో, చుక్క ఎక్కడ పెట్టాలో వాచీ చెప్పదు. అది మన తలలో ఉండాలి. ఈ వాచీతో నాకు జరిగిన పెద్ద మేలు అదే.

ఒక శీతాకాలం తెల్లవారు ఫ్లైటుకు, బయల్దేరే ముందు టాబ్లెట్‌లో నేను సొంతంగా ఒక లెక్క వేసుకున్నాను. 43 నిమిషాలని వచ్చింది. అలవాటుగా బెజెల్ తిప్పితే సరిగ్గా 60 నిమిషాలు చూపించింది. పదిహేడు నిమిషాల తేడా అంటే గుండె ఒక్కసారి ఆగినట్టయింది. వెనక్కి వెళ్ళి చూసుకుంటే, 45 నాట్ల ఎదురుగాలిని వెనకగాలిగా కొట్టాను. ఆఫీసు ఇచ్చిన ఫ్లైట్ ప్లానులో గాలి సరిగ్గానే ఉంది, ట్యాంకులో ఇంధనం సరిపడా ఉంది, ప్రమాదం ఏమీ లేదు. కానీ ఒక తప్పు అంకెను తలలో పెట్టుకుని ఎక్కేవాణ్ణి. ఆ రోజు నుంచి ప్రతి సెక్టారుకూ ఒక్క లెక్కయినా చేత్తో తిప్పి చూస్తున్నాను. అర నిమిషం కూడా పట్టదు.

ఇంకో ఉపయోగం ఉంది. ఇది కంపెనీ చెప్పింది కాదు, మన దేశపు టైము వల్ల కలిసొచ్చింది. మా పనంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకటిగా వాడే టైములో, నడుస్తుంది. వాతావరణ రిపోర్టులు, ఫ్లైట్ ప్లాన్లు, పైలట్లకు వచ్చే హెచ్చరికలు (నోటాములు) అన్నీ అందులోనే ఉంటాయి. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. రెండు టైములు చూపించే వాచీల్లో చాలావరకు రెండో ముల్లు గంటల లెక్కలోనే కదులుతుంది కాబట్టి ఆ అర గంటను మనమే కలుపుకోవాలి, తీసేసుకోవాలి. నావిటైమర్‌లో రెండో టైమే లేదు. అందుకని మన టైముకు పెట్టిన వాచీని తలకిందులుగా చూస్తాను. పన్నెండు కిందికి, ఆరు పైకి. పదింటికి తిప్పి చూడండి, నాలుగున్నర కనిపిస్తుంది. యూటీసీలో అప్పుడు నాలుగున్నరే. గంటల ముల్లు ఎప్పుడూ అర గంట వెనకపడినట్టు ఉంటుంది, నిమిషాలు మాత్రం తప్పవు. కొన్నాళ్ళకు కన్ను అలవాటుపడిపోతుంది. నా డయలు మీద అంకెలు లేవు, గీతలే ఉన్నాయి. అందువల్ల తిప్పి చూసినా తికమక ఉండదు. అంకెలున్న వాచీతో ఇది కొంచెం కష్టం.

చీకట్లో టైము చూసుకోవడమే ముఖ్యమైతే మాత్రం ఈ డయలు మీకు కాదు. మూడు వలయాల సన్నటి అంకెలు, మూడు చిన్న డయళ్ళు ఒకే చోట ఇమడాలంటే అక్షరాలు చిన్నవి కాక తప్పదు. నలభై దాటాక నేను చదివే కళ్ళద్దాలు పెట్టుకునే బెజెల్ తిప్పుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నావిగేటర్ల కోసం చేసిన 55 మిల్లీమీటర్ల వాచీల్లో పన్నెండు దగ్గర పెద్ద త్రికోణం, దాని పక్కన రెండు చుక్కలు ఉండేవి. ఏది పైభాగమో చీకట్లో ఒక్క చూపుకు తెలియాలని అలా పెట్టారు. ఆ పోలికతో వచ్చే వాచీలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. చదవడంలో వాటికి సాటి లేదు.

నాలుగో ఏడు వాచీ ఉన్నట్టుండి పరుగెత్తడం మొదలుపెట్టింది. అప్పటిదాకా రోజుకు మూడు సెకన్లు ముందుండేది. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ రోజుకు నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు దాకా ఒప్పుకుంటుంది. అలాంటిది రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతోంది. లక్షల వాచీ పాడైందని నాకు రెండు రోజులు నిద్ర లేదు. గాంధీ రోడ్డు వైపు ఒక చిన్న వాచీ రిపేరు కొట్టు ఉంది. మనిషి కూర్చుంటే ఇంకొకరు నిలబడే చోటు ఉండదు. నాయన వాచీకి ముప్పై ఏళ్ళు ఆ కొట్టాయనే నూనె వేశాడు. అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన వెనక మూత తెరవలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కకు వాచీని మెల్లగా జరిపాడు. సూది గిర్రున తిరిగి వాచీ వైపు నిలబడింది.

"అయస్కాంతం పట్టుకునింది సామీ. రాత్రిపూట దీన్ని దేని మీద పెడతా ఉండావు?"

ఆలోచిస్తే తట్టింది. హోటల్లో పడుకునేముందు టాబ్లెట్ కవర్ మీద పెడుతున్నాను. ఆ కవరు మూతలో అయస్కాంతాలు ఉంటాయి. వాచీ వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, వాచీ వేగం పెరుగుతుంది. ఆయన అరచేతంత నీలం పెట్టె మీద వాచీ ఉంచి, బటన్ నొక్కిపట్టి, వాచీని నిదానంగా పైకి ఎత్తుకుంటూ దూరం తీసుకెళ్ళి బటన్ వదిలాడు. అలా రెండుసార్లు. మళ్ళీ దిక్సూచి పక్కన పెడితే సూది కదల్లేదు.

"ఎంతన్నా?" అన్నాను.

"దీనికేమి తీసుకునేది? నాయన బాగుండాడా?" అని అడిగాడు.

మరుసటి రోజుకు మళ్ళీ మూడు సెకన్లే. మెకానికల్ వాచీ కొనేవాళ్ళు టాబ్లెట్ కవరు, హెడ్‌సెట్, ఫోన్ స్పీకరు పక్కన దాన్ని పెట్టకండి. ఈ రోజుల్లో సిలికాన్ హెయిర్‌స్ప్రింగుతో వచ్చేవాటికి ఈ బెడద లేదు.

నీళ్ళ సంగతి. దీని మీద 30 మీటర్లని ఉంటుంది. ముప్పై మీటర్ల లోతుకు దూకొచ్చని కాదు దాని అర్థం, చేతులు కడుక్కుంటే నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని. 1962లో అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ అంతరిక్షంలోకి 24 గంటల డయలున్న నావిటైమర్ పెట్టుకుని వెళ్ళాడు. భూమి చుట్టూ మూడుసార్లు తిరిగినా ఏమీ కాని ఆ వాచీ, సముద్రంలో దిగాక ఉప్పునీటికి పాడైపోయింది. నేను ఈ కథ గుర్తుపెట్టుకున్నాను. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కే రోజు దీన్ని ఇంట్లోనే పెడతాను. కార్తీకంలో కొండ మీద పట్టే వాన గొడుగుతో ఆగేది కాదు.

తోలు బెల్టు మన ఎండలకు నిలవదు. మే నెలలో రేణిగుంటలో విమానాలు నిలిపే ఏప్రన్ మీద నిలబడి విమానం చుట్టూ తిరిగి చూసుకునేసరికి చొక్కా వీపుకు అంటుకుపోతుంది, ఇక బెల్టు సంగతి చెప్పాలా? మొదటిది ఎనిమిది నెలలకే వాసన వచ్చి పగిలింది. రెండోదీ అంతే. తర్వాత స్టీలు చైను వేయించాను. ఖర్చు ఎక్కువే, కానీ మొదటి రోజే వేయించాల్సింది.

ఏడో ఏట సర్వీసుకు ఇచ్చాను. ఇచ్చిన చోటు పేరు రాయను. నాలుగు వారాలన్నారు, పదకొండు వారాలు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, కథ మొదటి నుంచి చెప్పాలి. బిల్లు దగ్గర దగ్గర డెబ్బై వేలు. వాచీ చక్కగా తిరిగొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే కొనేటప్పుడు ఈ ఖర్చును కూడా ధరలో కలిపి చూసుకోండి. లోపలున్నది క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ) యంత్రం కాబట్టి అందరూ ముట్టుకోలేరు. నింపుగా కీ ఉంటే 70 గంటలు నడుస్తుంది. అందువల్ల రెండు రోజుల సెలవులో చేతికి పెట్టుకోకపోయినా ఆగదు. అది నిజంగా సుఖం.

ఆ పదకొండు వారాలు నాయన వాచీ పెట్టుకుని ఎగిరాను. హెచ్ఎంటీ పైలట్. నల్ల డయలు, తెల్ల అంకెలు, రోజూ చేత్తో కీ ఇవ్వాలి. నాయన రేణిగుంట నుంచి గూడ్సు బండ్లు నడిపిన డ్రైవరు. గుంతకల్లు వైపు రాత్రి బండ్లలో ఏ స్టేషన్ ఎప్పుడు దాటామో ఆ వాచీ చూసే రాసుకునేవాడు. పొద్దున కాఫీ తాగాక కిటికీ దగ్గర నిలబడి కీ ఇవ్వడం ఆయనకు పూజలాంటిది. నేను నావిటైమర్ కొన్న రోజు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది రా అబ్బోడా. ఇన్ని గీతల్లో టైము యాడుంది?" అన్నాడు. తర్వాత బెజెల్ తిప్పడం చూపిస్తే, పాకాల నుంచి రేణిగుంటకు గూడ్సు ఎంతసేపట్లో వస్తుందో దాని మీద తానే లెక్కగట్టాడు. వేగాన్ని, దూరాన్ని కలిపి చూసే అలవాటు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ హెచ్ఎంటీతో పని ఏమీ ఆగలేదు. రోజుకు అర నిమిషం తేడా వచ్చేది, పొద్దున కీ ఇస్తూ సరిచేసుకునేవాణ్ణి. ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక కొనాలా వద్దా. నలుగురిలో చెయ్యి చాపితే కనబడాలని అయితే వద్దు. అందుకు ఇంత డబ్బు పెట్టనక్కర్లేదు. విదేశీ రూట్లలో తిరిగేవాళ్ళకు రెండు టైములు చూపించే వాచీ ఎక్కువ పనికొస్తుంది. టైము ఒక్కటే కావాలంటే బ్యాటరీతో నడిచే ఐదారు వేల క్వార్ట్జ్ వాచీ దీనికంటే కచ్చితంగా నడుస్తుంది. బెజెల్ నేర్చుకుని రోజూ తిప్పుతాననే ఓపిక ఉంటే మాత్రం ఇంతకు మించిన పైలట్ వాచీ నేను చూడలేదు. మళ్ళీ కొనాల్సి వచ్చినా దీన్నే కొంటాను, ఈసారి స్టీలు చైనుతో.

చంద్రగిరి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నిరుడు నాతో కో పైలట్‌గా ఎగిరాడు. అప్పు తీరగానే ఇదే కొంటానన్నాడు. ముందు పరీక్షకు వాడిన చక్రం బ్యాగులో వేసుకుని రా అన్నాను. రెండు నెలలు ప్రతి సెక్టారుకూ అతను చక్రం తిప్పాడు, నేను బెజెల్ తిప్పాను. వాచీ ఇంకా కొనలేదు. కానీ ఇప్పుడు నేను 60 మీద అంకె నిలపక ముందే నిమిషాలు చెప్పేస్తున్నాడు.