ఏపీపీఎన్ సమీక్ష: నెట్‌వర్క్ నోడ్‌లు రెండు చాలు

విశాఖలో మెయిన్‌ఫ్రేమ్ సపోర్ట్ చేసేవాళ్లకు వీటామ్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్) అంటే ఒకటే మాట: ఎవరో పెట్టి వెళ్లారు, ముట్టుకోకు. మెషిన్ ఏ దేశంలోనో, మనం రుషికొండ మీద. అలా ఏళ్లతరబడి వాడాక అందులోని ఏపీపీఎన్‌కు (నోడ్‌లు, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు, ఒకదాన్నొకటి వెతుక్కుని దారి కట్టుకునే పద్ధతి) మంచి మార్కులే పడతాయి. కాకపోతే పెత్తనం ఎన్ని నోడ్‌లకు ఇచ్చారన్నదాని మీదే దాని మంచీచెడూ.

ఎండ్ నోడ్‌కు (ఈఎన్) తన అప్లికేషన్లు తెలిస్తే చాలు. మిగతాదంతా తన సర్వర్‌గా ఉన్న నెట్‌వర్క్ నోడ్ (ఎన్‌ఎన్) చూసుకుంటుంది: అడిగిన ఎల్‌యూ (నెట్‌వర్క్‌లో పేరున్న అప్లికేషన్ లేదా టెర్మినల్) ఎక్కడుందో వెతికి పెడుతుంది, అక్కడికి ఏ దారిన పోవాలో లెక్క కడుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ప్రతి ఎల్‌పార్‌కూ (ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లో విడి మెషిన్‌లా నడిచే భాగం) నోడ్‌టైప్=ఎన్‌ఎన్ అని రాసేయడం. అప్పుడు ఏ లింకు పడినా లేచినా ఆ కబురు ప్రతి ఎన్‌ఎన్‌కూ చేరాలి. తెలియని పేరు ఒకటి అడిగితే వెతుకులాట అన్నిటి గుమ్మం తొక్కుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విచారణ కౌంటర్ వదిలేసి కనబడ్డ ప్రతి కండక్టర్‌నూ అడిగినట్టు. ఆ కౌంటరే సెంట్రల్ డైరెక్టరీ సర్వర్. కాబట్టి రెండు ఎల్‌పార్‌లు ఎన్‌ఎన్, మిగతావి ఈఎన్, ఆ రెండిట్లో సీడీసర్వర్=యస్. ప్రతి ఈఎన్‌లో ఎన్‌ఎన్‌ఎస్‌ప్రెఫ్ కింద సర్వర్ పేరు రాయాలి, లేకపోతే అది దూరంగా ఉన్న ఎన్‌ఎన్‌ను పట్టుకుని కూర్చోవచ్చు.

డైరెక్టరీ జ్ఞాపకం మంచిదే, ఒక్కోసారి మొండిది. వెతికి దొరికిన పేరును దాచుకుంటుంది. ఎవరూ వాడకపోతే 8 రోజులకు తీసేస్తుంది, డిర్‌టైమ్ సెట్టింగ్ మార్చకపోతే ఇదే లెక్క. ఈలోగా అప్లికేషన్‌ను వేరే ఎల్‌పార్‌కు మార్చారనుకోండి, మొదటి లాగాన్ పాత చిరునామాకు పోయి, అక్కడ లేదనిపించుకుని, మళ్లీ వెతుకుతుంది. అసలు దొరక్కపోతే 087డి0001 సెన్స్ కోడ్ (ఎర్రర్ నంబరు) వస్తుంది. మారిన పేరు ఒక్కటే మాడిఫై డైరెక్ట్రీ, ఫంక్షన్=డిలీట్‌తో తీసేస్తే సరిపోతుంది. దీనికి వీటామ్ రీస్టార్ట్ అడిగేవాళ్లను నమ్మొద్దు.

షిఫ్టు మొదట్లో డిస్‌ప్లే టోపో, లిస్ట్=సమ్మరీ ఒకసారి కొట్టండి. ఐఎస్‌టీ1307ఐ వరుసలో మొదట చివరి చెక్‌పాయింట్ (డైరెక్టరీ, టోపాలజీ వివరాలను డిస్క్‌లో దాచిన) సమయం, తర్వాత పక్క నోడ్‌లు, ఎన్‌ఎన్‌లు, ఈఎన్‌ల సంఖ్యలు. చెక్‌పాయింట్ దగ్గర 'నన్' అని ఉంటే డీఎస్‌డీబీ1, డీఎస్‌డీబీ2, డీఎస్‌డీబీసీటీఆర్‌ఎల్, టీఆర్‌ఎస్‌డీబీ డేటాసెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తినేది ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ (ఈఈ), అంటే ఏపీపీఎన్‌ను ఐపీ నెట్‌వర్క్ మీద నడిపే లింకు. యూడీపీ పోర్టులు 12000 నుంచి 12004 వరకు అయిదూ, రెండు వైపులా తెరిచి ఉండాలి. ఫైర్‌వాల్ వాళ్లు 12000 ఒక్కటే తెరిచి 'అయిపోయింది' అంటారు. లింకు నిజంగానే లేస్తుంది, ఎందుకంటే ఎక్స్‌ఐడీ (రెండు వైపులా జరిగే తొలి పరిచయం) నడిచేది దాని మీదే. సీపీ-సీపీ సెషన్ (నోడ్‌లు తమలో తాము కబుర్లు చెప్పుకునేది) మాత్రం రాదు. అది నెట్‌వర్క్ ప్రయారిటీతో 12001 మీద పోవాలి. ఆక్టివ్ అని చూపించే లింకు ముందు గంటలు కూర్చోబెట్టేది ఇదే. డిస్‌ప్లే ఈఈడయాగ్, టెస్ట్=యస్ కొడితే అయిదు పోర్టుల్లో ఏది ఎక్కడ ఆగిందో విడివిడిగా చెబుతుంది. ఆ అవుట్‌పుట్‌నే టికెట్‌కు జతచేస్తే వాదన ఉండదు.

దారి తెగితే హెచ్‌పీఆర్ (ఏపీపీఎన్‌లో సెషన్లను మోసే భాగం) సెషన్‌ను వేరే దారికి మళ్లిస్తుంది. ఇది దీని అసలు గొప్ప. డిఫాల్ట్‌గా ఎదురుచూసే గడువు లో ప్రయారిటీకి 480 సెకన్లు, మీడియంకు 240, హైకి 120, నెట్‌వర్క్‌కు 60. కాని మళ్లడానికి రెండో దారి ఉండాలి కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది విప్పి చెప్పనక్కర్లేదు: ఈఈ లింకులు రెండు రాసినా కింద కేబుల్ ఒకటే అయితే ఆ 480 సెకన్లూ గడియారం చూస్తూ కూర్చోవడమే.