శుభలేఖకు కలిపిరాత: ఏ ఫాంటు మేలు?

మా అన్నయ్య కూతురి శుభలేఖ కోసం ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో మూడు రోజులు తిరిగాం. కార్డు ఒక్క పూటలో కుదిరింది, మిగతా సమయమంతా అక్షరాలకే పట్టింది. చెన్నైలో మన తెలుగువాళ్ల శుభలేఖకి ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు ఉండాల్సిందే. ఇంగ్లీషు పక్క పేర్లు కలిపిరాతలో, అంటే అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని సాగే రాతలో ఉండాలని పిల్ల పట్టు. నాకూ అదే ఇష్టం. పేరు చేత్తో రాసినట్టు కనిపిస్తే ఆ పిలుపులో ఒక ఆప్యాయత ఉంటుంది.

షాపులో ముందుగా చూపించింది ఎడ్వర్డియన్ స్క్రిప్ట్. ఎడ్ బెంగ్వియట్ 1994లో గీసిన ఫాంటు ఇది. సాగే ఉక్కు పాళీతో రాసే పాతకాలపు ఇంగ్లీషు దస్తూరీ దీనికి మూలం: కిందికి దిగే గీత లావుగా, పైకి లేచే గీత వెంట్రుకంత సన్నగా ఉంటాయి. కంప్యూటర్లో చూస్తే చూపు తిప్పుకోలేం. కానీ మా కార్డు గరుకు కాగితం, ముదురు ఎరుపు, దాని మీద బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగ్. ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, చేతికొచ్చాక వెలుతురులో పట్టుకుని చూశాం. లావు గీతలు చక్కగా పడ్డాయి. వాటిని కలిపే సన్న గీతలు సగం చోట్ల తెగిపోయాయి. కలిపే గీతే పోయాక అది కలిపిరాత ఎలా అవుతుంది? నున్నటి తెల్ల కార్డు మీద ఆఫ్‌సెట్‌లో వేయించేవాళ్లు మాత్రం దీన్నే తీసుకోవచ్చు.

రెండోది గ్రేట్ వైబ్స్. ఇదీ ఆ వంశానిదే, కాకపోతే సన్న గీతకి కాస్త బలం ఉంది. పెద్దక్షరాల తోకలు జడకుచ్చుల్లా ఊగుతాయి. పైగా ఉచితం, ప్రింటింగ్‌కి వాడినా లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. అదే ఎరుపు కార్డు మీద 40 పాయింట్ల సైజులో వేయిస్తే ఒక్క గీతా తెగలేదు. నా ఓటు దీనికే, అయితే వధూవరుల పేర్ల వరకే.

ఎందుకంటే మన పేర్ల ముందు ఇనీషియల్స్ ఉంటాయి. ఇంటిపేరుకి ఒకటి, పేరులో ముక్కలకి రెండు మూడు. కలిపిరాతలో పెద్దక్షరం తన పక్కన చిన్నక్షరాలు వస్తాయని నమ్మి గీసినది. వరసగా నాలుగు పెద్దక్షరాలు పెడితే తోకలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. మా బావగారి ఇనీషియల్స్ మొదటి ప్రూఫ్‌లో తీగల ముడిలా కనిపించాయి. ‘టీ’కీ ‘ఎఫ్’కీ తేడా ఆయనకే తెలియలేదు. పెద్దల పేర్లు, ముహూర్తం, వేదిక మామూలు అచ్చక్షరాల్లోనే వేయించండి. చిరునామా అయితే మరీను. పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసే ఊరు మనది. ఒక్క అంకె తప్పు చదివినా చుట్టాలు వేరే గుమ్మం ముందు నిలబడతారు.

ఇంకొక్క జాగ్రత్త. డీటీపీ చేసే అబ్బాయి లైను నింపడానికి అక్షరాల మధ్య ఖాళీ పెంచుతాడు. అచ్చక్షరాలకి పరవాలేదు గానీ కలిపిరాతలో అతుకులన్నీ ఊడిపోతాయి. సైజు పెంచమని అడగండి, ఖాళీ కాదు.

తెలుగు పక్కకి వచ్చేసరికి లెక్క మారుతుంది. మన అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి కావు. ఏ అక్షరానికి ఆ అక్షరం గుండ్రంగా నిలబడుతుంది, వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు పద్ధతి చూసి మన అక్షరాలకి లేని తోకలు తగిలిస్తే చదవలేం. మనకి అందం చేతిరాతలో ఉంది. ఇదే చెన్నైలో దశాబ్దాలు బతికిన బాపు గారి (1933–2014) దస్తూరీ ఫాంటుగా దొరుకుతోంది. యూనికోడ్‌లో ఉచితంగా దొరికే లక్కిరెడ్డి ఫాంటు కూడా చేతిరాత బాణీయే. టైపు చేసుకోవడానికి, ఫోన్లో పంపుకోవడానికి లక్కిరెడ్డి సుఖం. శుభలేఖకి మాత్రం నేను బాపు దస్తూరీకే మొగ్గుతాను. ఆ అక్షరాలు చూస్తే ఇంటి పెద్ద ఎవరో పీట మీద కూర్చుని రాసినట్టుంటుంది. ఏది తీసుకున్నా ‘లక్ష్మి’ అని ఒకసారి కొట్టించి చూడండి. ష వత్తు, మ వత్తు రెండూ సరిగ్గా పడాలి, కింది లైనులోని గుడికి తగలకూడదు. మాకు తగిలింది. లైన్ల మధ్య ఎడం పెంచాక గానీ కుదరలేదు.

వాట్సాప్‌లో పంపే కార్డుకి పైన చెప్పిన రెండు ఇంగ్లీషు ఫాంటులూ వద్దు. బొమ్మ కుదించుకుపోయి సన్న గీతలు మసకబారతాయి. అక్కడ డ్యాన్సింగ్ స్క్రిప్ట్ మేలు. ఠీవి తక్కువే, అక్షరాలు చిన్నగా ఎగిరెగిరి పడుతుంటాయి, కానీ బోల్డ్, అంటే లావు గీతల రూపం, ఉంది. గ్రేట్ వైబ్స్‌కి బోల్డ్ లేదు. మేం ఫోన్ కార్డులో పేర్లు ఆ బోల్డ్‌లో పెట్టి ముందు నెల్లూరులో ఉన్న మా పిన్నికి పంపాం. కళ్లజోడు వెతుక్కోకుండానే చదివి వెంటనే ఫోన్ చేసింది.