కొండలోయల్లో ఆకురాలు కాలం చివర: విండీ యాప్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

వాతావరణ అంచనాలు చూపించే విండీ యాప్ మైదానాల్లో హాయిగా పనికొస్తుంది. అదే యాప్‌ని ఆకురాలు కాలం చివర్లో కొండల మధ్య తెరిస్తే, మొదటి తెరమీద పెద్దగా కనిపించే ఉష్ణోగ్రతే అన్నిటికంటే తక్కువ నమ్మదగినది. తప్పు యాప్‌ది కాదు, దాని వెనకున్న గ్రిడ్‌ది, అంటే అంచనా లెక్క కోసం నేలని విడగొట్టిన గడులది. అయితే సరైన అంకె కూడా చాలాసార్లు ఇదే యాప్‌లో నాలుగు నొక్కుల దూరంలో ఉంటుంది.

ముందు గ్రిడ్ సంగతి. ఇందులో వాతావరణాన్ని లెక్కగట్టే మోడళ్లలో యూరప్ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్‌ది 9 కి.మీ., జర్మనీ ఐకాన్ 13 కి.మీ., అమెరికా జీఎఫ్ఎస్ 22 కి.మీ. గడులతో వస్తాయి. ఒక్కో గడికి ఒక్కటే సగటు ఎత్తు. 600 మీటర్ల లోయా, 2,200 మీటర్ల శిఖరమూ ఒకే గడిలో పడితే మోడల్ దృష్టిలో అక్కడున్నది దాదాపు 1,400 మీటర్ల చదును నేల. కాబట్టి శిఖరం మీద ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తుంది, గాలిని తక్కువ చేసి చెబుతుంది. మధ్య యూరప్‌కి 2.2 కి.మీ. ఐకాన్-డి2, అమెరికాకి 3 కి.మీ. హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ అనే చిన్న గడుల మోడళ్లు ఉన్నాయి. మీ ప్రాంతం వాటి పరిధిలో ఉంటే ముందు వాటికి మారండి. కాకపోతే అవి చెప్పేది రెండు రోజుల వరకే.

ఎత్తు తేడాని సరిచేయడానికి చాలామంది పైకి పోయేకొద్దీ 1,000 మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క వేస్తారు. మబ్బు, గాలి ఉన్న రోజున ఈ లెక్క బాగానే నడుస్తుంది. ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి మాత్రం తలకిందులవుతుంది. చల్లబడి బరువెక్కిన గాలి వాలుల మీదుగా జారి లోయ అడుగున చేరుతుంది. పైన వెచ్చగా, కింద చల్లగా ఉంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. మోడల్ 1,400 మీటర్లకు 6 డిగ్రీలు అంటే, లెక్క ప్రకారం 600 మీటర్ల లోయలో 11 దాటాలి. నిజానికి అక్కడ సున్నా దగ్గర ఉండొచ్చు. దిద్దుబాటు తప్పుని తగ్గించకపోగా ఇంకా పెంచింది. పైగా ఈ కాలంలో సూర్యుడు తక్కువ ఎత్తులో తిరుగుతాడు కాబట్టి లోతైన లోయల్లో ఇన్వర్షన్ మధ్యాహ్నానికి గానీ విడదు. అధిక పీడనం తిష్ఠ వేస్తే రోజుల తరబడి అలాగే ఉంటుంది.

విండీకి మార్కులు వేయాల్సింది ఇక్కడే. కంప్యూటర్‌లో మ్యాప్ మీద కుడి క్లిక్ చేసి సౌండింగ్ తెరవండి. ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత ఎలా మారుతుందో అందులో గీతగా కనిపిస్తుంది. నేల దగ్గర, పైకి పోతున్నకొద్దీ తగ్గాల్సిన ఉష్ణోగ్రత పెరుగుతుంటే ఇన్వర్షన్ ఉన్నట్టే. మోడల్ గీత చూపించేదాని కంటే అసలు లోయలో అది మరింత గట్టిగా ఉంటుందనుకోవాలి. తర్వాత సాయంత్రం మంచుబిందు ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. తేట రాత్రి కనిష్ఠానికి అదే మొదటి అంచనా. గాలి అక్కడికి చల్లబడితే పొగమంచు కడుతుంది, ఆపైన చల్లదనం నెమ్మదిస్తుంది. యాప్‌లో పొగమంచు పొర వేరేగా ఉంది గానీ, 9 కి.మీ. గడికి సన్నటి లోయ కనబడదు కాబట్టి ఆ పొర ఖాళీగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు.

మంచు ఎక్కడిదాకా దిగుతుందన్న ప్రశ్నకి గడ్డకట్టే ఎత్తు పొర మంచి మొదలు. ఆ ఎత్తుకి సుమారు 200 నుంచి 300 మీటర్లు కిందిదాకా మంచు కరగకుండా పడుతుంది. పొర 2,000 అంటే హిమరేఖ 1,700-1,800 దగ్గర అనుకోండి. ఇరుకు లోయలో జోరుగా పడితే ఇంకా కిందికి దిగుతుంది. కరిగే మంచు చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాగేస్తుంది, పక్క కొండలు బయటి గాలిని లోపలికి రానివ్వవు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇన్వర్షన్ ఉన్నప్పుడు సున్నా డిగ్రీలు రెండు మూడు ఎత్తుల్లో తగలొచ్చు, మ్యాప్ మాత్రం ఒక్క అంకే ఇస్తుంది. పైన వెచ్చటి పొరలో కరిగిన చినుకు కింద చల్లటి నేలమీద గడ్డకట్టే ప్రమాదం ఆ అంకెలో కనిపించదు, సౌండింగ్‌లో కనిపిస్తుంది.

శిఖరాల గాలికి నేలమట్టం అంకె వదిలేసి, పక్కనున్న ఎత్తు జారుపట్టీని 1,500 లేదా 3,000 మీటర్లకు జరపండి. మీ కొండ 2,500 మీటర్లదైతే 1,500 మట్టం కొండ లోపలుంటుంది. అక్కడి అంకె గణితం మాత్రమే, గాలి కాదు. యాప్ ఈ మాట గట్టిగా హెచ్చరించదు. ఇదొక లోపం.

మోడళ్లను పక్కపక్కన పెట్టే పోలిక తెర బాగుంది. నాలుగో రోజు అంచనాలు చెదిరిపోతే ఐదో రోజు వివరాలు చదవడం దండగ. స్టేషన్ల కొలతలు, వెబ్‌క్యామ్‌లు మ్యాప్ మీదే ఉండటం అంతకంటే విలువైనది. లోయ అడుగు స్టేషనూ, వాలు మీది స్టేషనూ రెండూ చూస్తే ఇన్వర్షన్ ఉందో లేదో నిమిషంలో తేలుతుంది. స్టేషన్ ఎత్తు చూడకుండా అంకె నమ్మొద్దు.

నెలల ముందటి అంచనా మాత్రం ఇందులో వెతక్కండి. దానికి ఈసీఎండబ్ల్యూఎఫ్ సీస్5 లాంటివి వేరే ఉన్నాయి, గడి 36 కి.మీ. ఆ గడిలో లోయా కొండా కలిసిపోతాయి. పైగా వచ్చేది సంభావ్యతే. మామూలు కంటే వెచ్చగా ఉండే అవకాశం 40 శాతం అంటే, చల్లన, మామూలు, వెచ్చన అనే మూడు సమాన వంతుల్లో ఒకటైన 33 శాతం నుంచి కాస్త జరిగిందని అర్థం, అంతే.

ఉచిత రకంలో అంచనా మూడు గంటలకొకటి, డబ్బు కడితే గంటకొకటి. మైదానాల్లో తేడా పట్టదు. తెల్లవారుజామున రోడ్డు ఎప్పుడు గడ్డకడుతుందో, వాన ఏ గంటకి మంచుగా మారుతుందో తెలియాల్సినవాళ్లకి గంట మెట్టు పనికొస్తుంది. సౌండింగ్ తెరవనివాళ్లకి అది కూడా దండగే.