జైసల్మేర్ కోటలో గది చవగ్గా దొరికిందా? సఫారీ సంగతి ముందే తేల్చుకోండి

నిన్న రాత్రి జరిగింది. నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

కోట లోపల పాత హవేలీ, ఝరోకా (బయటికి పొడుచుకొచ్చిన చెక్కడాల కిటికీ) ఉన్న గది, డిసెంబర్‌లో రోజుకి 1,200. మూడు రాత్రులకి 3,600 ముందే యూపీఐ చేశాను. సీజన్‌లో ఆ రేటేంటని అనుమానం రాలేదు, నేను మహా తెలివైనదాన్ని కదా. రివ్యూల్లో ఇద్దరు 'సఫారీ బలవంతం' అని రాశారు కూడా. గిట్టనివాళ్ల ఏడుపులే అనుకున్నా.

దిగినప్పట్నుంచీ హోటల్ వాళ్లది ఒకటే పాట: సమ్ ఇసుక తిన్నెల్లో ఒంటె సఫారీ, రాత్రికి టెంటు, మనిషికి 3,500. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఒంటె ఎక్కలేదు బాబూ అన్నాను. అప్పటిదాకా నేను దీదీ, అమ్మ మాతాజీ. ఆ తర్వాత టీ కూడా రాలేదు.

మర్నాడు సాయంత్రం పట్వోం కీ హవేలీ చూసి వచ్చేసరికి మా బ్యాగులు రిసెప్షన్ మెట్ల మీద ఉన్నాయి. మేం సర్దలేదు. వాళ్లే సర్దారు. ఆరేసిన తడి బట్టలు, అమ్మ బీపీ మాత్రలు, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో కుక్కి! మేం లేనప్పుడు గదిలోకి వెళ్లి మా లోబట్టలు ముట్టుకున్నారండీ. అడిగితే ఆ మేనేజర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఆ రేటు సఫారీ వాళ్లకి, మేడమ్. ఉండాలంటే రాత్రికి 4,000." నా డబ్బేది అంటే, "ఓనర్ జోధ్‌పూర్ వెళ్లారు." అమ్మ ఆ మెట్టు మీదే కూలబడింది. నేను హిందీలో తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ నిలబడ్డాను. తెలుగులో అయితే చూపించేదాన్ని.

1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన కోట అది, శత్రువులు లోపలికి రాకుండా. ఉన్నవాళ్లని బయటికి తోలేవాళ్లు లోపలే పుడతారని ఆయనకేం తెలుసు! హవా పోల్, గణేశ్ పోల్, సూరజ్ పోల్, అఖై పోల్. వచ్చేటప్పుడు నిలబడి ఫొటోలు తీసుకున్న ఆ ద్వారాలన్నీ, రాత్రి ఎనిమిదింటికి జారే రాళ్ల మీద ఒక చేత్తో సూట్‌కేసు, ఒక చేత్తో అమ్మని పట్టుకుని దిగాను.

వెళ్లేవాళ్లు 'సఫారీ తీసుకోకపోయినా ఇదే రేటు' అని వాట్సాప్‌లో రాయించుకోండి. మొత్తం ముందే కట్టకండి. అసలు కోట బయటే దిగండి, లోపల వాడే నీళ్లు ఇంకి పునాదులే దెబ్బతింటున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మిగతా 2,400 రాలేదు. పొద్దున మెసేజ్ మాత్రం వచ్చింది, ఐదు స్టార్లు ఇమ్మని.