పని ప్రమాదం తర్వాత మనసుకు సాయం: టెలి మానస్ ఫోనా, ఈఎస్ఐ ఆసుపత్రా?

ప్రెస్ మిషన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న కార్మికుడు, కుట్లు విప్పాక కూడా రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే, ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడానికి సిగ్గుపడి నలుగురితో భోజనానికి కూర్చోవడం మానేస్తే, సాయం అడగవలసిన సమయం వచ్చినట్లే.

ఖర్చు: 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ (14416) ఉచితం, రాత్రింబవళ్లూ అందుతుంది. కార్మికుల ప్రభుత్వ బీమా పథకమైన ఈఎస్ఐలో నమోదైనవారికి ఆసుపత్రి వైద్యమూ ఉచితమే. గాయం వల్ల పని మానిన రోజులకు వేతనంలో 90 శాతం భత్యం కూడా వస్తుంది. వెంట వచ్చే భార్యకు మాత్రం ఆనాటి కూలి పోతుంది.

శ్రమ: ఫోనుకు గడప దాటనక్కర్లేదు, కానీ ఒక్క గది ఇంట్లో పిల్లల ముందు ఏడవలేక మేడెక్కి మాట్లాడవలసి వస్తుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీకి నిలబడక తప్పదు.

ఇబ్బంది: ఫోనులో ప్రతిసారీ అదే కౌన్సెలర్ దొరకకపోవచ్చు. ఆసుపత్రిలో ‘పిచ్చి డాక్టరు’ అన్న మాటకు జంకేవారున్నా, బాధ కాగితం మీద నమోదు కావడమే మేలని నా అభిప్రాయం.

దిగులు కొత్తదైతే ముందు ఫోను చేయవచ్చు. వారాలు గడిచినా తగ్గకపోయినా, తాగుడు పెరిగినా ఆసుపత్రికే వెళ్లాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఎంపిక అనవసరం: మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఫోను చేసి, ఆ రోజే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.