జీసీసీ ఓవర్‌ఫ్లో వార్నింగులు: బోరు మోటారు స్టార్టరు కోడు మీద చాలాకాలం వాడాక

చిత్తూరు, తిరుపతి పక్క మామిడి తోటల్లో బోరు మోటార్లకు పెట్టే ఆటో స్టార్టరుకు 8 బిట్ల ఏవీఆర్ చిప్పు వేసి సీలో కోడు రాసేవాళ్ల కోసం, జీసీసీ అనే కంపైలర్ (కోడుని చిప్పు భాషలోకి మార్చే ప్రోగ్రాము) ఇచ్చే ఓవర్‌ఫ్లో వార్నింగుల మీద ఈ సమీక్ష. ఓవర్‌ఫ్లో అంటే సంఖ్య తనకిచ్చిన బిట్లలో పట్టకపోవడం. ఈ చిప్పులో ఇంట్ (సీలో మామూలు పూర్ణసంఖ్య రకం) 16 బిట్లే, 32767 దాటదు. అసలు చిక్కంతా అక్కడే.

కరెంటు వచ్చాక నిమిషం ఆగి మోటారు ఆన్ కావాలని మిల్లీసెకన్లలో 60 * 1000 అని రాస్తే అది -5536 అయి కూర్చుంటుంది. ఏ ఫ్లాగూ (కంపైలర్‌కిచ్చే అదనపు సూచన) పెట్టకుండానే జీసీసీ దీన్ని పట్టేస్తుంది, ఇందులో నూటికి నూరు మార్కులు. చాలామంది మొత్తానికి బ్రాకెట్ పెట్టి ముందు యూఇంట్32_టి (మైనస్ లేని 32 బిట్ల రకం) కాస్టు, అంటే రకం మార్పు, తగిలిస్తారు. దాంతో వార్నింగూ పోదు, లెక్కా కుదరదు: -5536 కాస్తా 4294961760 మిల్లీసెకన్లవుతుంది. అంటే మోటారు దాదాపు 49.7 రోజులు ఆగాలి! 60 పక్కన యూఎల్ (ఇది 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్య అని చెప్పే గుర్తు) చేర్చండి, చాలు. గుణకారం జరగకముందే సైజు పెరగాలి.

వేరియబుల్ వచ్చిందంటే మాత్రం కంపైలర్ నోరు మెదపదు. 10 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రీడింగుని యూఇంట్16_టిలో ఉంచి 5000తో గుణించి 1024తో భాగిస్తే, రీడింగు 14కి చేరగానే లబ్ధం 65535 దాటి మళ్లీ సున్నా నుంచి చుట్టి వస్తుంది. వోల్టేజీ తప్పు చూపిస్తుంది, డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా మోటారు తిరగకుండా ఆపేది) పనిచేయదు. ఇదే కోడుని పీసీలో యూబీశాన్‌తో (కోడు నడుస్తుండగా ఇలాంటి తప్పులు పట్టే సాధనం) నడిపినా ఏమీ దొరకదు, అక్కడ ఇంట్ 32 బిట్లు కదా. పీసీ టెస్టు పాసైందని ధీమాగా ఉండొద్దు. పీసీలోనే ఏవీఆర్ చిప్పులా నడిచే సిమ్ఏవీఆర్‌లో రీడింగుగా 13, 14, 1023 ఇచ్చి చూడండి. మందు ఇక్కడా అదే, కాస్టు రీడింగు మీద పడాలి.

రకం మారేటప్పుడు విలువ మారిపోవచ్చని హెచ్చరించే డబ్ల్యూకన్వర్షన్ అనే ఫ్లాగు, వార్నింగుల కట్టలైన వాల్‌లోనూ ఎక్స్‌ట్రాలోనూ లేదు, విడిగా పెట్టుకోవాలి. పాత కోడు మీద పెడితే వార్నింగులు వరదలా వస్తాయి, కాబట్టి ఒక్కో ఫైలే శుభ్రం చేసి, అయిన ఫైలుకు ఆ వార్నింగునే ఎర్రర్ చేసేయండి. కంపైలర్ నోరు మూయించడానికి వేసే కాస్టు అన్నిటికంటే ప్రమాదం: 300ని యూఇంట్8_టికి కాస్టు చేస్తే 44 మిగులుతుంది, కంపైలర్ ఇక అడగదు. ముందు 255 దాటిందా అని చూసి, ఆ తర్వాతే కాస్టు వేయాలి. జీసీసీ 5 నుంచి ఉన్న బిల్టిన్_మల్_ఓవర్‌ఫ్లో (గుణకారం పట్టిందో లేదో చెప్పేది) లాంటివి ఇలాంటి చోట బాగా పనికొస్తాయి.

టైమరు పోలిక ఏ వార్నింగుకూ దొరకదు. ఇప్పటి టైము, మొదలు కూడిక విరామం కంటే ఎక్కువా అని రాస్తే మిల్లీసెకన్ల కౌంటరు చుట్టి వచ్చే రోజు తప్పుతుంది. ఇప్పటి టైములోంచి మొదలు తీసేసి విరామంతో పోల్చండి, రెండూ అన్‌సైన్డ్ 32 బిట్లే ఉండాలి.